సానకును సానకును నడుమ క్షౌరపుకత్తి

ముఖక్షౌరమునకు మన గ్రామములలో తరతరములుగ వాడుచు వచ్చిన పనిముట్టు మడతకత్తి. 1903లో అమెరికాలో జిల్లెట్ కంపెనీవారు మార్చి మార్చి వేసికొను బ్లేడులను అమ్మకమునకు తెచ్చినది మొదలు ఈ కత్తి క్రమముగ వెనుకబడినది. నేడు క్షౌరశాలలలో ఎక్కువగ కనుపించునది పాతకత్తి రూపముననే యుండి, సగము బ్లేడును ఇముడ్చుకొను పిడి మాత్రమే. అయినను ఉక్కు వాదర గల అసలు కత్తి పూర్తిగ కనుమరుగు కాలేదు. పెద్దలనుండి సంక్రమించిన కత్తిని పెట్టెలో భద్రముగ నుంచుకొని సొంత గడ్డమునకు వాడుకొనువారు కలరు. బ్లేడుల ఖర్చును, పారవేయవలసిన చెత్తయు తగ్గునని క్రొత్తగ దీనిని చేపట్టు యువకులును కలరు.

అయితే చేపట్టినవారిలో పలువురు కొలదికాలమునకే విసుగు చెందుదురు. మొదటి వారము కత్తి మెత్తగ నడచును. రెండవ వారమున వెండ్రుకను కోయుటకు బదులు గుంజును. మూడవ వారమున చర్మమును గీరును. అప్పుడు కత్తి ఉక్కు మంచిది కాదని నిందించి, దానిని సానకు పంపుదురు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇట్టిచోటనే చెల్లును. లోపము ఉక్కులో లేదు. సానకును సానకును నడుమ ఆ కత్తికి జరుగవలసిన సేవ జరుగలేదు. ఆ సేవ యెట్టిది, దానికి కారణమేమి, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అను విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

మొట్టమొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. బాగుగ పదునైన కత్తి ముఖమును కోయునని, కొంచెము మొద్దుబారిన కత్తి భద్రమని కొందరు తలతురు. నిజము దీనికి విరుద్ధము. పదునైన వాదర తన బరువుతోనే వెండ్రుకను తెంచును. చేయి ఒత్తిడి చేయనక్కర లేదు. మొద్దుబారినదానిని చేయి నొక్కును. నొక్కిన చేయి జారును. జారిన కత్తి తెగనరుకును. తెగిన గాయమున నెత్తురు వచ్చును. ఆ నెత్తుటితోనే కొన్ని ప్రమాదకరమైన వ్యాధులకు దారి యేర్పడును. కావున కత్తి పదును కేవలము సౌఖ్యమునకు సంబంధించినది కాదు, ఆరోగ్యమునకు సంబంధించినది.

కత్తి రూపము - దానిలోని యుక్తి

క్షౌరపుకత్తిని చేతిలోనికి తీసికొని పరికించినచో, ఒకవైపు మందమైన వెన్ను, రెండవవైపు సన్నని వాదర కనుపించును. ఈ రెంటి నడుమ ప్రక్కలు లోపలికి గుంటుపడి యుండును. కత్తిని బల్లపరుపుగ నున్న రాతిపైనగాని తోలుపైనగాని పరచినప్పుడు తాకునవి రెండే చోటులు - వెన్ను, వాదర. వెన్ను మందమునకును, కత్తి వెడల్పునకును గల నిష్పత్తియే వాదర కోణమును నిర్ణయించును. అది సామాన్యముగ 15 నుండి 18 డిగ్రీలవరకు ఉండును. వంటింటి కత్తికి సానపట్టువారు కోణమును కంటితో అంచనా వేయవలెను. క్షౌరపుకత్తికి ఆ శ్రమ లేదు. కోణమును చూపు మార్గదర్శి ఆ కత్తిలోనే, వెన్ను రూపమున, అమర్చబడియున్నది. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నచో పదునుకు సంబంధించిన నియమములలో సగము వాటంతట అవియే బోధపడును. వెన్నును ఎన్నడును పైకి ఎత్తరాదనుట వాటిలో మొదటిది.

ఈ కత్తులకు వాడు ఉక్కులో నూటికి సుమారు ఒక పాలు కర్బనము ఉండును. ఎర్రగ కాల్చి, నూనెలో చల్లార్చి, మరల కొలదిగ వేడిచేసి దానికి పాయనము పెట్టుదురు. ఇందువలన కాఠిన్యమును, కొంత సాగుదలయు చేకూరును. జర్మనీలోని సోలింగెన్, ఇంగ్లండులోని షెఫీల్డు ఈ కత్తులకు పేరుపడిన పట్టణములు. కాని మంచి ఉక్కు విషయమున మన తెలుగునేలకును గర్వింపదగిన చరిత్ర గలదు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామములో మూసలలో కరగించి తీసిన ఉక్కును కొనుటకు పూర్వము పారశీక వర్తకులు వచ్చెడివారు. దక్షిణభారతమునుండి పోయిన ఇట్టి ఉక్కునే పాశ్చాత్యులు 'వూట్జ్' అని పిలిచిరి. ఆ పేరు మన 'ఉక్కు' అను మాటనుండియే పుట్టినదని పలువురి అభిప్రాయము. లండనులో కత్తులు చేయు స్టోడార్టు అను నిపుణుడును, సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడేయు కలిసి ఈ ఉక్కు గుట్టును కనుగొనగోరి ప్రయోగములు చేసి, వాటి ఫలితములను 1820లో ప్రకటించిరి. ఆ ప్రయోగములలో తయారైన ఉక్కుతో క్షౌరపుకత్తులు చేయించి ఫారడే తన మిత్రులకు కానుకగ నిచ్చెను.

వెండ్రుక ఉక్కును ఎట్లు చెరచును?

వెండ్రుక ఉక్కుకంటె సుమారు 50 రెట్లు మెత్తనిది. అట్టి మెత్తని వస్తువు అంత గట్టి వస్తువును ఎట్లు మొద్దుబరచునని సందేహము కలుగుట సహజము. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు దీనిని శక్తిమంతమైన సూక్ష్మదర్శినితో పరిశీలించి, 2020లో తమ నిర్ణయములను ప్రకటించిరి. వారు పరీక్షించినవి నేటి బ్లేడులు. వాటి అంచు కేవలము క్రమముగ అరిగి గుండ్రబడుట లేదనియు, అక్కడక్కడ అతిసూక్ష్మమైన పెచ్చులుగ ఊడిపోవుచున్నదనియు వారు కనుగొనిరి. వెండ్రుక నిటారుగ నిలువక ఒరిగి తగిలినప్పుడును, ఉక్కులో గట్టిభాగము మెత్తనిభాగము ప్రక్కప్రక్కన ఉన్నచోటను ఈ పెచ్చులు ఊడుట ఎక్కువ.

మడతకత్తికిని ఇట్టి బాధ తప్పదు. బాగుగ నూరిన వాదర కొన మందము మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటె తక్కువ. అంత సన్నని ఉక్కు, గడ్డపు వెండ్రుకలు వందలకొలది తగులుచుండగా, కొన్నిచోట్ల ప్రక్కకు ఒరుగును, కొన్నిచోట్ల గరుకుబారును. పైగా నీరు, సబ్బు, చెమటలోని ఉప్పు తగిలి సన్నని తుప్పు పట్టును. ఈ తుప్పు కంటికి కనుపించదు. కాని వాదర కొనయే కంటికి కనుపించనప్పుడు, దానిని చెరచుటకు కంటికి కనుపించని తుప్పే చాలును.

ఈ మూడు బాధలకును సానరాయి మందు కాదు. రాయి చేయునది ఉక్కును అరగదీయుట. అరిగిన ఉక్కు తిరిగి రాదు. మాటిమాటికి సానపట్టిన కత్తి ఏటేట వెడల్పు తగ్గి, తుదకు గడ్డిపరకవలె మిగులును. వెన్నును అరిగి కోణము మారును. తోలు చేయు పని వేరు. అది ఒరిగిన కొనను నిలబెట్టును, గరుకును నునుపు చేయును, సన్నని తుప్పును తుడిచివేయును. ఉక్కును మాత్రము దాదాపు హరింపదు. పంటికి రోజూ పుల్ల వేసినవానికి వైద్యుని అవసరము అరుదుగ కలుగునట్లే, కత్తికి రోజూ తోలు పట్టినవానికి సాన అవసరము అరుదుగ కలుగును. ఒకే మనిషి గడ్డమునకు వాడు కత్తి, తోలుసేవ సరిగ జరిగినచో, కొన్ని మాసములవరకు రాతిని కోరదు.

తోలుపట్టీ ఎట్టిది కావలెను?

పట్టీ మూడంగుళముల వెడల్పును, ఇరువది అంగుళములకు తక్కువగాని పొడవును కలిగి, ముడుతలు, గుంటలు, గీతలు లేక నున్నగ ఉండవలెను. చెట్ల బెరడు రసముతో పదునుచేసిన పశువుల తోలు ఇందుకు శ్రేష్ఠము. మన ప్రాంతములలో తంగేడు చెక్కతో తోళ్ళను పదునుచేయు పద్ధతి పూర్వమునుండి గలదు. అంగడిలో తోలువలె కనుపించు ప్లాస్టిక్ పూత నడికట్టులు దీనికి పనికిరావు. అట్టి పూతమీద వాదర జారునే తప్ప మెరుగెక్కదు.

తోలుతోపాటు గట్టి నేత గల నూలుబట్ట పట్టీ యొకటి ఉండవలెను. కాన్వాసుగుడ్డగాని, వాడి మెత్తబడిన జీన్సు బట్టగాని చాలును. దీనిని ఉతికి, గంజి లేకుండ ఆరవేసి వాడవలెను. బట్ట వాదరను శుభ్రపరచి కొంత వేడెక్కించును. తోలు దానిని నిలబెట్టి మెరుగుపెట్టును. అందుచేత ముందు బట్ట, తరువాత తోలు. ఈ వరుస మారరాదు.

పట్టీని రెండువిధములుగ అమర్చుకొనవచ్చును. ఒక కొనను గోడకు కొట్టిన కొక్కెమునకు తగిలించి, రెండవ కొనను ఎడమచేత బిగించి పట్టుట యొక విధము. సమతలమైన చెక్కపలకపై తోలును జిగురుతో అంటించుట రెండవది. నూతనముగ నేర్చుకొనువారికి రెండవదియే మేలు, ఏలయనగా పలకమీద తోలు సడలుటకు వీలులేదు. తోలు దొరకనివారు పలకకు వార్తాపత్రిక కాగితమును రెండు మూడు పొరలుగ బిగువుగ చుట్టి తాత్కాలికముగ వాడవచ్చును. అచ్చుసిరాలోని సన్నని మసి మెరుగుపొడివలె పనిచేయును.

తోలు ఎండి బిరుసెక్కకుండ, శుభ్రమైన పొడి అరచేతితో రోజూ నాలుగుసార్లు నిమిరినచో చాలును. చేతి జిడ్డే దానికి తగిన నూనె. కొబ్బరినూనెతో తడిపినచో తోలు బరువెక్కి జిగటగును. దుమ్ము పడనిచోట వ్రేలాడదీయవలెను. తోలుమీది ఒక్క ఇసుకరేణువు వాదరపాలిటికి పర్వతమువంటిది.

తోలు పట్టు విధము

కత్తిని తోలుమీద నడుపు దిక్కు విషయమున పొరపాటు పడరాదు. సానరాతిమీద వాదర ముందు, వెన్ను వెనుక నడచును. తోలుమీద దీనికి విరుద్ధముగ, వెన్ను ముందు, వాదర వెనుక నడువవలెను. దిక్కు తప్పినచో తోలు తెగును, వాదరయు చెడును. ఈ క్రింది వరుసను అలవరచుకొనవలెను.

1. కత్తి పూర్తిగ పొడిగ నున్నదో లేదో చూచుకొనవలెను. నూనె పూసియున్నచో మెత్తని కాగితముతో వెన్నునుండి వాదరవైపుకు తుడువవలెను. వాదర వెంబడి పొడుగున తుడిచినచో వ్రేలు తెగును.

2. పిడికి బ్లేడుకు నడుమనుండు ఉక్కుకాడను బొటనవ్రేలితోను, చూపుడువ్రేలితోను పట్టవలెను. కత్తిని త్రిప్పునది ఈ వ్రేళ్ళే, మణికట్టు కాదు.

3. వెన్నును, వాదరను ఏకకాలమున పట్టీకి ఆనించవలెను. పట్టీని బిగువుగ లాగి ఉంచవలెను.

4. వెన్నును ముందు నడుపుచు కత్తిని పట్టీ చివరవరకు తీసికొనిపోవలెను. ఒత్తిడి కత్తి బరువునకు మించరాదు. చప్పుడు ఆద్యంతము ఒకేరీతిగ వినబడవలెను.

5. చివర చేరగానే కత్తిని ఆపి, వెన్నును తోలుమీదనుండి తీయకుండ, వెన్నుమీదుగనే దొరలించి వాదరను రెండవవైపుకు త్రిప్పవలెను. అటుపిమ్మట వెనుకకు నడుపవలెను. వాదరమీదుగ దొరలించుట ఘోరమైన తప్పు.

6. పట్టీ కత్తికంటె వెడల్పు తక్కువైనచో, నడుపుచునే కొంచెము ప్రక్కకు జరుపుచు, మడమనుండి మొనవరకు వాదర యావత్తును తోలుకు తగులునట్లు చూడవలెను.

ఒక పోకయు, ఒక రాకయు కలిసి ఒక ఆవృత్తి. బట్టమీద 20 నుండి 25 ఆవృత్తులు, తోలుమీద 40 నుండి 50 ఆవృత్తులు ప్రతి క్షౌరమునకు ముందు చేసినచో చాలును. చేయి తిరిగినవారికి ఇది రెండు మూడు నిమిషముల పని. నేర్చుకొనువారు మాత్రము వేగమునకు ఆశపడరాదు. నెమ్మదిగ చేసిన పది ఆవృత్తులు వాదరకు మేలు చేయును. వేగముగ చేసిన ఏబది ఆవృత్తులలో ఒక్కటి తప్పినను ఆ మేలంతయు పోవును. చేయి కుదురువరకు మొండికత్తితో, లేదా వెన్నకత్తితో సాధనచేయుట మంచిది.

కొందరు వృత్తినిపుణులు పట్టీతో పనిలేకుండ అరచేతిమీదనే కత్తిని మెరుగుపెట్టుట పాఠకులు చూచియుందురు. అది ఏండ్లతరబడి చేసిన అభ్యాసముచేత వచ్చిన నేర్పు. చూచి అనుకరింపదగినది కాదు.

వాదర చెడు కారణములు

తోలు రోజూ పట్టుచున్నను పదును నిలువదని చెప్పువారి చేతిని పరికించినచో, ఈ నాలుగు తప్పులలో ఏదో యొకటి కనుపించును. వెన్నును కొంచెము ఎత్తి పట్టుట మొదటిది. ఇందువలన కొన గుండ్రబడును. పట్టీని సడలించి పట్టుట రెండవది. సడలిన తోలు వాదర చుట్టును వంగి, మరల ఆ గుండ్రదనమునే కలిగించును. బలముగ నొక్కుట మూడవది. పొట్ట తెగిన తోలును, గంటుపడిన పట్టీని మార్చక వాడుట నాలుగవది. చిన్న గంటును సన్నని గరుకుకాగితముతో నునుపు చేయవచ్చును. లోతైనదైనచో పట్టీని మార్చుటయే మేలు.

ఇవికాక, కడుగునప్పుడు కొళాయికి, గిన్నె అంచునకు తగిలించుట వలన ఒక్క క్షణములో వాదరకు పెచ్చు ఊడును. దానిని తోలు బాగుచేయలేదు. కత్తిని ప్రవహించు నీటిలో కడుగునప్పుడు వాదరను లోహమునకు ఎదురుగ పట్టరాదు.

పదును కొంత నీటిలోను ఉన్నది

గడ్డము తడుపుటకు ఓపికలేనివాడు ఎంత తోలు పట్టినను ప్రయోజనము లేదు. ఎండిన వెండ్రుక బిరుసుగ నుండును. గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషములు తడిసినచో అది నీటిని పీల్చి ఉబ్బి మెత్తబడును. తెంచుటకు కావలసిన బలము చాలవరకు తగ్గును. కావున ముందు సబ్బుతో ముఖము కడిగి జిడ్డును వదలగొట్టి, వేడినీటిలో పిండిన గుడ్డను గడ్డముమీద కొంతసేపు ఉంచి, తరువాత నురుగు పూసికొనవలెను. నురుగు ఆరిపోవుచున్నచో మరల తడుపవలెను.

గీసుకొనునప్పుడు కత్తి చర్మముతో సుమారు 30 డిగ్రీల కోణమున ఉండవలెను. ఎడమచేత చర్మమును బిగువుగ లాగి, మొదటిసారి వెండ్రుకలు వాలిన దిక్కుననే గీయవలెను. ఇందువలన ముఖమునకును మేలు, వాదరకును మేలు.

తుడుపు, నూనె, భద్రత

క్షౌరము ముగియగానే కత్తిని కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి, బట్టపట్టీమీద ఐదారు ఆవృత్తులు నడిపినచో వాదరమీది తేమ పోవును. పిడి కీలులో నీరు నిలుచును. అచ్చటనే తుప్పు మొదలగును. కత్తిని కొంతసేపు తెరచియుంచి ఆరనిచ్చిన పిదపనే మూయవలెను. స్నానపుగదిలో ఉంచరాదు. సముద్రతీరపు జిల్లాలవారును, వానకాలమున అందరును ఈ విషయమున ప్రత్యేకశ్రద్ధ వహింపవలెను. రెండు మూడు దినములు వాడనిచో కుట్టుమిషను నూనె ఒక చుక్క వాదరకు పూసి ఉంచవలెను. వంటనూనెలు కాలక్రమమున జిగురుకట్టును గనుక అవి తగవు. తోలుసంచిలో చాలకాలము దాచుటయు మంచిది కాదు. తోలు తేమను పట్టియుంచును. పిల్లలకు అందనిచోట ఉంచవలెనని వేరుగ చెప్పనక్కర లేదు.

సాన ఎప్పుడు?

తోలు పట్టినను వెండ్రుక గుంజుచున్నచో సాన సమయము సమీపించినదని తెలిసికొనవలెను. పదును చూచుటకు వ్రేలిని వాదరపై నడుపుట ప్రమాదకరము. దువ్వెనలో ఊడిన తలవెండ్రుక నొకదానిని కొనపట్టుకొని వ్రేలాడదీసి వాదరకు ఆనించి చూడవలెను. తేలికగ తెగినచో పదును ఉన్నట్లే.

ఇట్టి దశలో వెంటనే రాతికి పోక, వేరొక పలకమీది తోలుకు ఆకుపచ్చని క్రోమియం ఆక్సైడు మెరుగుపొడిని పలుచగ రాసి, ఐదు మొదలు పది ఆవృత్తులు నడిపి చూడవచ్చును. దీనివలన సాన మరికొంతకాలము వాయిదాపడును. ఈ పొడి ఉక్కును కొలదిగ హరించును గనుక ప్రతిదినము వాడరాదు. నిత్యము వాడు పట్టీకి దానిని తగులనీయరాదు. అప్పటికిని లాభము లేనిచో మిక్కిలి నున్నని రాతిపై, నీటితోనో నూనెతోనో, తేలికగ కొన్ని ఆవృత్తులు నూరవలెను.

కత్తెరలకు కొడవళ్ళకు సానపట్టు తిరుగుడుచక్రమునకు మాత్రము ఈ కత్తిని అప్పగింపరాదు. చక్రపు రాపిడికి సన్నని వాదర క్షణములో కాగును. అంచు నీలివర్ణమునకు తిరిగినచో అచ్చట పాయనము పోయినట్లే. మెత్తబడిన ఆ ఉక్కు తరువాత ఎంత నూరినను పదును నిలుపదు.

ఒకరి కత్తి ఒకరికే

ఇంతవరకు చెప్పినదంతయు ఒకే వ్యక్తి వాడు కత్తినిగూర్చి. ఒకే కత్తి, ఒకే తోలుపట్టీ పలువురికి వాడు పద్ధతి మన గ్రామములలో పూర్వము ఉండెను. నాటివారిని తప్పుపట్టుట తగదు. హెపటైటిస్ బి వ్యాధికి కారణమైన వైరసు జాడ 1965లో వెలువడిన పరిశోధనతోగాని లోకమునకు తెలియలేదు. ఎయిడ్సుకు కారణమైన వైరసును 1983లోను, హెపటైటిస్ సి వైరసును 1989లోను గుర్తించిరి. తెలిసిన పిదప పాతపద్ధతిని కొనసాగించుటయే తప్పు.

ఈ వైరసులలో కత్తివలన వ్యాపించు భయము హెపటైటిస్ వైరసులకు ఎక్కువ. హెపటైటిస్ బి వైరసు శరీరము వెలుపల ఆరిన నెత్తుటిమరకలోను కనీసము 7 దినములు బ్రతికియుండి వ్యాధిని కలిగింపగలదు. నెత్తురు కంటికి కనుపించవలెననియు లేదు. ఈ వ్యాధి సోకినవారిలో పలువురికి ఏండ్లతరబడి ఏ బాధయు తెలియదు. తెలియువేళకు కాలేయము దెబ్బతినియుండును. కత్తిని మందునీళ్ళలో ఒకమారు ముంచి తీసినంతమాత్రమున ఈ భయము తొలగదు. మరగబెట్టినను, బ్లీచింగు ద్రావణమున నానబెట్టినను కర్బనపు ఉక్కు తుప్పుపట్టును. తోలుపట్టీని శుద్ధిచేయుట అసలే సాధ్యము కాదు. ఒకరి కత్తినుండి తోలుకును, తోలునుండి మరియొకరి కత్తికిని మలినము ప్రాకవచ్చును.

కావున క్షౌరశాలలలో మనిషికొక క్రొత్త బ్లేడు అను నియమమును తప్పక పాటింపవలెను. క్రొత్త బ్లేడును కాగితములోనుండగనే విరిచి, ఒక సగమును ఒకరికి, వాడని రెండవ సగమును మరియొకరికి వేయుటలో దోషము లేదు. వాడిన సగమును తిరిగి వాడుటయే దోషము. వాడినవాటిని చెత్తలో పడవేయక, మూతగల డబ్బాలో వేయవలెను; ఊడ్చువారి చేతులును చేతులే. గీసిన పిదప ముఖముమీద రుద్దు పటికబిళ్ళ విషయమును మరువరాదు. ఒకే బిళ్ళను అందరికి రుద్దుట, ఒకే కత్తిని అందరికి వాడుటవంటిదే. పటికను పొడిచేసి నీటిలో కలిపి, దూదితో అద్ది, ఆ దూదిని పారవేయుట మంచిపద్ధతి. పాతకత్తితోనే క్షౌరము కావలెనని కోరువారు తమ కత్తిని, తమ పట్టీని తామే తెచ్చుకొని, తామే తీసికొనిపోవలెను. ఇంటిలో తండ్రికొడుకులైనను అన్నదమ్ములైనను ఎవరి కత్తి వారిదే.

బ్లేడు మార్చుమని అడుగుట క్షురకుని అవమానించుట యగునేమోయని కొందరు మొగమాటపడుదురు. అట్టి మొగమాటము అక్కరలేదు. దినమంతయు ఇతరుల నెత్తుటికి సమీపమున పనిచేయువాడు క్షురకుడే. ఈ నియమము అతనిని, అతని కుటుంబమును మొదట కాపాడును. హెపటైటిస్ బి రాకుండ టీకా గలదు. సార్వత్రిక టీకా కార్యక్రమమున శిశువులకు దీనిని ఉచితముగ వేయుచున్నారు. మొదటి మోతాదును పుట్టిన 24 గంటలలోపల వేయించవలెను. క్షౌరవృత్తిలోనున్న పెద్దలు తమ ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని సంప్రదించి, పరీక్ష చేయించుకొని, టీకాను గూర్చి తెలిసికొనుట శ్రేయస్కరము. 2018 జూలై 28వ తేదీన ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద హెపటైటిస్ పరీక్షలును, చికిత్సయు ఉచితముగ లభించును.

మంచి కత్తి ఒక మనిషి జీవితకాలమును దాటి నిలుచు వస్తువు. అది కోరునది స్వల్పము: క్షౌరమునకు ముందు రెండు నిమిషముల తోలు, తరువాత ఒక నిమిషపు తుడుపు, అవసరమైనప్పుడు ఒక చుక్క నూనె, ఏడాదికి ఏ కొన్నిమారులో నున్నని రాయి. ఈ కొలదిపాటి శ్రద్ధను చూపువారికి కత్తి ముఖమును నొప్పింపదు, నెత్తురు చిందింపదు. సొంత కత్తిని శ్రద్ధగ కాపాడుకొనుట, పరుల కత్తిని తాకకుండుట, క్షౌరశాలలో క్రొత్త బ్లేడును అడిగి వేయించుకొనుట - ఈ మూడును ప్రతి గ్రామమున వాడుక కావలసిన అలవాట్లు.